బన్ను తిని వచ్చిన పరీక్ష

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. మైకమ్మ ఆడిన అబద్ధం చక్కగా అతికింది కాబట్టే అన్ని రోజులు నిలబడింది. అది బయటపడిన తీరు మాత్రం పగవాళ్లకి కూడా వద్దు. గుట్టు ఒకరికో ఇద్దరికో తెలిస్తే ఎలాగోలా సర్దుకోవచ్చు. బస్టాండులోని లౌడ్‌స్పీకర్లన్నీ కలిసి చెప్పాక ఇంక సర్దుకోవడానికి ఏం మిగులుతుంది?

మైకమ్మ అసలు పేరు జీతమిచ్చే ఆఫీసుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. బస్టాండు మేడ మీద అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఆలస్యంగా వస్తోందో చెప్పడం ఆమె పని. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆమె మొదలుపెట్టిందంటే సీటు కోసం కొట్టుకుంటున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి వింటారు. అంత తియ్యని గొంతు. ఇంట్లో మాత్రం ఆ గొంతు జాడ ఉండదు. "ఒసేయ్, నీ కంచం నువ్వు కడుక్కోలేవా?" అని ఆమె అరిచినప్పుడల్లా చెల్లెలు, "నాక్కూడా ఒక్కసారి విజ్ఞప్తి చెయ్యొచ్చుగా అక్కా" అంటుంది.

ఆ చెల్లెల్ని ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలుస్తారు. ఇంటిల్లిపాది అంటే పెద్ద సంసారం అనుకునేరు. మైకమ్మ, ఆమె మొగుడు, పిడుగు, అంతే. మొగుడు బస్టాండు వెనకున్న డిపోలోనే మెకానిక్కు. పగలు బస్సు కింద పడుకుంటాడు, రాత్రి ఇంట్లో పడుకుంటాడు, రెండుచోట్లా పెద్దగా మాట్లాడడు. పిడుగు కాలేజీలో చదువుతోంది.

అక్కాచెల్లెళ్లిద్దరినీ పెంచింది పెద్దమ్మ. ఆ పెద్దమ్మ గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌తో పోయింది. రాకూడనప్పుడు రక్తం కనపడుతోందని ఆవిడకి తెలుసు. కానీ ఆ ముక్క నోరు తెరిచి డాక్టరుకి చెప్పడానికి సిగ్గు. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. ఆ సంగతి తలుచుకుంటే మైకమ్మకి ఇప్పటికీ గుండె పిండేసినట్టవుతుంది. పిడుగుకి అలాంటిది రాకూడదన్నది ఆమెకున్న ఒకే ఒక్క మొండి కోరిక.

ఆ కోరిక తీరే దారి బస్టాండుకి ఎదురుగానే తెరుచుకుంది. రోడ్డుకి అవతలున్న ఆరోగ్య కేంద్రంలో శిబిరం పెట్టారు. ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా, ముప్పై దాటిన ఆడవాళ్లకి పరీక్ష. ఆ క్యాన్సర్‌కి మూలం ఒక వైరస్ అనీ, టీకాతో దాన్ని ముందే అడ్డుకోవచ్చనీ, పరీక్షతో రోగం ముదరకముందే పసిగట్టవచ్చనీ అక్కడి నర్సమ్మ ఒక కాగితం మీద రాసి తెచ్చింది. "నీ గొంతుతో చెబితే నలుగురూ వింటారమ్మా" అని దాన్ని మైకమ్మ చేతిలో పెట్టింది. అప్పటినుంచి మైకమ్మ గంటగంటకీ తేనె ఒలకబోస్తూ చదువుతోంది: "ముప్పై ఏళ్లు దాటిన మహిళలు సిగ్గు, భయం విడిచి పరీక్ష చేయించుకోవలసిందిగా కోరుచున్నాము."

కోరేది ఆమే, ముప్పై దాటిందీ ఆమే. ఈ రెండు ముక్కల్నీ కలిపి చూసింది పిడుగు.

"నేను సూది వేయించుకుంటా. కానీ ముందు నువ్వు పరీక్ష చేయించుకోవాలి," అంది ఒకరోజు భోజనం దగ్గర.

"నాకేమైందే? గుండ్రాయిలా ఉన్నాను."

"పెద్దమ్మ కూడా గుండ్రాయిలాగే ఉండేది. నువ్వు చేయించుకుంటే నేను వేయించుకుంటా. లేదంటే లేదు. మాటంటే మాటే."

ఆ పిల్ల మాట ఇచ్చిందంటే కదలదు, మొండికేసిందంటే అసలు కదలదు. మెకానిక్కు తల దించుకుని తన పళ్లెంలోది తాను తిన్నాడు. అక్కాచెల్లెళ్ల మధ్య తల దూర్చడం కన్నా బస్సు చక్రం కింద దూర్చడం నయమని అతనికి ఎప్పుడో తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం విరామంలో మైకమ్మ పరీక్షకని బయలుదేరింది. నిజంగానే బయలుదేరింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆరోగ్య కేంద్రం గేటు దాకా వెళ్లింది. తెరిచిన తలుపులోంచి ఒక పచ్చ తెర, ఆ తెర కింద ఎవరో విడిచిపెట్టిన చెప్పుల జత కనిపించాయి. చెప్పులు ఇక్కడుంటే మనిషి ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో ఊహించుకునేసరికి ఆమె కాళ్లు చల్లబడ్డాయి. చల్లబడ్డ కాళ్లు వెనక్కి తిరిగి తిన్నగా పక్క వీధిలో ఉన్న బేకరీకి నడిచాయి. అక్కడ ఒక క్రీం బన్ను తింది. ధైర్యం వస్తుందేమోనని ఇంకొకటి తింది. ధైర్యం రాలేదు గానీ త్రేన్పు వచ్చింది. విరామం కూడా అయిపోయింది.

సాయంత్రం పిడుగు గుమ్మంలోనే పట్టుకుంది.

"వెళ్లావా?"

"వెళ్లాను."

"ఏం చేశారు?"

"చూశారు. ఏమీ లేదు, పొమ్మన్నారు."

"నొప్పి పుట్టిందా?"

"అబ్బే, మెత్తగా ఉంది."

"మెత్తగానా?"

"అంటే... నర్సమ్మ మాట మెత్తగా ఉంది."

"భుజం మీద ఏంటది, తెల్లగా?"

"మందు," అంది మైకమ్మ, ఆ మందుని వేలితో తుడిచేస్తూ.

పిడుగు ఇంకేమీ అడగలేదు. "సరేలే, కాలేజీలో పనుంది, ఆఖరి రోజు వెళ్లి వేయించుకుంటా" అని లోపలికి పోయింది. గండం గడిచిందని మైకమ్మ ఊపిరి పీల్చుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఇక్కడ టోపీ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతా కథ నడవదు. మైకు పనిచేస్తున్నప్పుడు వెలగవలసిన ఎర్ర లైటు ఎప్పుడో పోయింది. కొత్తది కావాలని పైకి రాశారు. పైవాళ్లు వాళ్ల పైవాళ్లకి రాశారు. ఈలోగా పొద్దుటి డ్యూటీ చేసే పెద్దావిడ మనవడికని ఊలుతో ఒక టోపీ అల్లితే, అది ఆ బుడతడి తలకి పట్టలేదు. ఊరికే పారేయడమెందుకని తెచ్చి మైకుకి తొడిగింది. కొలత తీసి అల్లినట్టు సరిపోయింది. అప్పటినుంచి ఆ గదిలో ఒక ఆచారం ఏర్పడింది. మాట్లాడటం అవగానే స్విచ్చి కట్టేయాలి, ఆ వెంటనే టోపీ తొడగాలి. టోపీ ఉంటే మైకు పడుకున్నట్టు, టోపీ తీస్తే లేచినట్టు. రానురాను స్విచ్చి వంక చూడటం అందరూ మానేశారు. దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా టోపీని నమ్మేవారు.

శిబిరం ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్న విరామానికి ఇంకాస్త టైముంది. కింద మూడో ప్లాట్‌ఫారం బెంచీ మీద పిడుగు కాళ్లూపుకుంటూ వేరుశెనగలు తింటోంది. అక్క దిగి రాగానే ఇద్దరూ కలిసి రోడ్డు దాటాలి. అద్దంలోంచి ఆ పిల్లని చూసినప్పుడల్లా మైకమ్మకి ఒళ్లు తేలిపోతోంది. ఇంకాసేపట్లో సూది పడిపోతుంది. ఆ తర్వాత ఆకాశం విరిగి మీద పడినా ఫర్వాలేదు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఐదో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరికొద్దిసేపట్లో బయలుదేరును," అంది మైకులో. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలన్నది అక్కడి నియమం. ఒకసారి చెప్పి, గొంతు తడారితే నీళ్ల సీసా కోసం వెనక్కి తిరిగింది.

సరిగ్గా అప్పుడే ఆయమ్మ లోపలికి వచ్చింది. ఆయమ్మ ఆ మేడంతా ఊడ్చి తుడిచే మనిషి. శుభ్రం పిచ్చి జాస్తి. టోపీ మీద టీ మరకలు పడ్డాయని పొద్దున్నే దాన్ని ఉతకడానికి పట్టుకెళ్లింది. ఇప్పుడు ఆరిన టోపీతో వచ్చేసరికి మైకు బోసిగా కనిపించింది. అయ్యో పాపం అనుకుని, పసిపిల్లాడికి తొడిగినట్టు తొడిగి, చెవుల మీదికి లాగినట్టు కిందికి లాగింది. మైకమ్మ నీళ్లు తాగి ఇటు తిరిగింది. మైకు మీద టోపీ ఉంది. ఇంకేం, కుర్చీలో చేరబడింది. రెండోసారి చెప్పాలన్న సంగతే మర్చిపోయింది.

ఊలు టోపీ చలిని ఆపుతుందేమో గానీ మాటని ఆపదు. పైగా ఆ గది అద్దాలు మందం, లోపల ఫ్యాను మోత. బయట ఏం మోగుతోందో లోపలివాళ్లకి వినపడదు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతా, నిజం చెప్పాలి," అంది ఆయమ్మ చీపురు గోడకి చేరేసి. "నువ్వు ఆ పరీక్ష చేయించుకున్నావటగా? ఎలా ఉంటుంది? నేనూ పోనా వద్దా అని కొట్టుకుంటున్నా. నువ్వు ఫర్వాలేదంటే ఇప్పుడే పోతా. లేదంటే ఇంటికి పోతా."

మైకమ్మ ఇరుకున పడింది. చెల్లెలితో ఆడిన అబద్ధం చెల్లెలి మంచికేనని మనసుకి సర్దిచెప్పుకుంది. ఈ అమాయకురాలికి కూడా అదే చెప్పి పంపిస్తే? అక్కడ ఏమవుతుందో తనకే తెలియదు. ఒకసారి తలుపు వైపు చూసింది. ఒకసారి టోపీ వైపు చూసింది. రెండూ మూసే ఉన్నాయి.

"ఎవరికీ చెప్పకూడదు ఆయమ్మా."

"చచ్చినా చెప్పను."

"నేను పోలేదు."

"పోలేదా!"

"గేటు దాకా పోయాను. అక్కణ్ణించి బేకరీకి పోయి రెండు బన్నులు తిని వచ్చాను."

"క్రీమువా?"

"క్రీమువే."

"అక్కడ బాగుంటాయి," అంది ఆయమ్మ సానుభూతిగా. "మరి చెల్లెలికి ఏం చెప్పావు?"

"అయిపోయిందని చెప్పాను. నమ్మేసింది పిచ్చిమొద్దు. ఏం చెయ్యను ఆయమ్మా? నొప్పంటే భయం లేదు నాకు. ఆ బల్ల ఎక్కాలంటేనే సిగ్గు. ఎవరో లైటు వేసి మరీ చూస్తారంట. మా ఆయన దగ్గరే లైటు ఆర్పమంటాను నేను!"

ఆయమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. పొద్దస్తమానం ఊరందరికీ సిగ్గు విడవమని చెప్పేదాన్ని నేనే. నా సిగ్గు మాత్రం నన్ను విడవట్లేదు. ఈ బస్టాండుకి పెద్ద, ఆ కంట్రోలరు కూడా అంతే. 'ఆ ప్రకటన బాగా చదవండి, బాగా చదవండి' అంటాడు గానీ ఇంట్లో ఆవిణ్ణి పంపాడా? ఎక్కడ పంపుతాడు, మీసానికి రంగేసుకోవడానికే ఆయనకి టైము చాలదు." మైకమ్మ నవ్వింది. ఆ వెంటనే ఆమె గొంతు తగ్గింది. "మా పెద్దమ్మ కూడా ఈ సిగ్గుతోనే పోయింది. తెలిసి తెలిసి నేనూ అదే చేస్తున్నాను. ఏమో ఆయమ్మా, ముందు చెల్లికి సూది పడనీ. ఇవాళ అది గట్టెక్కితే చాలు. నా సంగతి తర్వాత చూసుకుందాం."

మాట పూర్తిచేసి యథాలాపంగా అద్దంలోంచి కిందికి చూసింది. బస్టాండు బస్టాండులా లేదు. నడిచేవాళ్లు నడవడం లేదు. తినేవాళ్లు తినడం లేదు. డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. అందరి ముఖాలూ పైకే.

"ఏంటి ఆయమ్మా, అందరూ ఇటే చూస్తున్నారు?"

"నిన్నే చూస్తున్నట్టున్నారు తల్లీ."

ఏం చెయ్యాలో తోచక మైకమ్మ చెయ్యి ఊపింది. కిందనుంచి పదిమంది తిరిగి ఊపారు. ఒకావిడ చంకలో బిడ్డ చేత కూడా ఊపించింది. అటుపక్క ఆగివున్న బస్సు కిందనుంచి ముందు రెండు కాళ్లు, తర్వాత పొట్ట, ఆ తర్వాత నూనె మరకల ముఖం బయటికి వచ్చాయి. అది ఆమె మొగుడి ముఖం. మరకలు లేని చోటల్లా ఎర్రబడి ఉంది. మూడో ప్లాట్‌ఫారం మీద పిడుగు లేచి నిలబడింది. వేరుశెనగలు కింద పడిపోయాయి.

బల్ల మీద ఫోను మోగింది. కంట్రోలరు.

"అమ్మా, మైకు ఆన్‌లో ఉంది," అన్నాడాయన చాలా మర్యాదగా. "నా మీసం పుట్టుకతోనే నలుపమ్మా."

మైకమ్మ వంగి స్విచ్చి చూసింది. టోపీ తన పని తాను చేస్తోంది, స్విచ్చి తన పని తాను చేస్తోంది. ఆమె కుర్చీలోంచి జారి బల్ల కింద కూర్చుంది.

ఆయమ్మ బల్ల కిందికి తొంగిచూసి ప్రమాణం చేసింది. "నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు తల్లీ. నువ్వే చెప్పావు."

అది కూడా అందరూ విన్నారు.

బల్ల కిందే ఉండిపోదామనుకుంది మైకమ్మ, రిటైరయ్యే దాకా. కానీ పిడుగు గుర్తుకొచ్చింది. లేచి చూసేసరికి ఆ పిల్ల మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ ఐదో ప్లాట్‌ఫారం మీది బస్సు ఎక్కుతోంది. ఇంటివైపు పోయే బస్సది. డ్రైవరు ఇంజను వేశాడు. బస్సు కదిలిందంటే పిడుగు ఇవాళ సూది వేయించుకోదు. మాటంటే మాటే. రేపు వేయించుకుందామన్నా శిబిరం ఉండదు. మెట్లు దిగి పరిగెత్తితే అందదు. కాళ్లకన్నా ముందు అక్కడికి చేరగలిగింది ఆ గదిలో ఒక్కటే ఉంది.

టోపీ పీకి పారేసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి." అలవాటుకొద్దీ తియ్యని గొంతే వచ్చింది. "ఐదో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు ఇప్పట్లో బయలుదేరదు. అందులో కిటికీ పక్కన మూతి ముడుచుకుని కూర్చున్న నా చెల్లెలు దయచేసి దిగవలసిందిగా కోరుచున్నాము. అనౌన్సరు మరికొద్దిసేపట్లో ఆరోగ్య కేంద్రానికి బయలుదేరును. మార్గమధ్యంలో బేకరీ వద్ద ఆగదు."

నియమం ప్రకారం రెండోసారి కూడా చెప్పాలి. చెప్పబోతే తియ్యని గొంతు కాస్తా ఎగిరిపోయింది. "ఒసేయ్, దిగవే! వస్తున్నా, దిగవే!" అని ఇంటి గొంతుతో అరిచింది. బస్టాండులో ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. జనం చప్పట్లు కొట్టారు.

మెట్లన్నీ ఒక్క ఊపున దిగి ఆమె బస్సు దగ్గరికి చేరేసరికి కండక్టరమ్మ విజిలు చేత్తో పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. బస్సుని పోనివ్వట్లేదు, పిడుగుని దిగనివ్వట్లేదు. దిగమంటూనే అడ్డంగా నిలబడిందన్న సంగతి ఆవిడకి తట్టలేదు.

"దిగుతావా లేదా అమ్మాయ్?" అంటోంది.

"మా అక్క పోదండీ. మళ్లీ బన్ను తింటుంది," అంటోంది పిడుగు ఏడుపు గొంతుతో.

"నేను వెంట పోతాగా! బన్నెలా తింటుందో నేనూ చూస్తా."

"దిగు తల్లీ," అన్నాడు వెనక సీటులోని పెద్దాయన. "నువ్వు దిగితేగానీ మేము ఊరు చేరం."

పిడుగు దిగింది. అక్క ముఖం చూడలేదు. మైకమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. అంతలో ఆయమ్మ చీపురుతో సహా వచ్చి మైకమ్మ రెండో రెక్క పట్టుకుంది. పళ్లమ్మే ఆవిడ బుట్ట మీద గుడ్డ కప్పేసి, "నాకూ ముప్పై దాటి చాలా కాలమైంది" అంటూ వెనక చేరింది. చంకలో బిడ్డతో ఉన్నావిడ కూడా చేరింది. కండక్టరమ్మ రోడ్డు మధ్యకి పోయి విజిలు ఊదితే అటు లారీలు, ఇటు స్కూటర్లు బ్రేకులు కొట్టి నిలబడ్డాయి.

మెకానిక్కు పరిగెత్తుకుంటూ వచ్చి పెళ్లాం పక్కన నడిచాడు. ఆ లైటు సంగతి ఎత్తుతాడేమోనని మైకమ్మ ప్రాణం గిలగిల్లాడింది. అతను చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు.

"రెండు తిన్నావు," అన్నాడు చివరికి. "నాకొక్కటైనా తేలేదు."

"మరి మైకు ఎవరు చూస్తారమ్మా?" అని వెనకనుంచి కంట్రోలరు అరిచాడు.

"మీసం ఉన్నవాళ్లు చూస్తారు!" అని ఆయమ్మ వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది.

నర్సమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "రా అమ్మా. మీ స్పీకర్లు ఇక్కడికి ఎంచక్కా వినిపిస్తాయి," అంది. మైకమ్మకి భూమి చీలితే బాగుండుననిపించింది. భూమి చీలలేదు. పచ్చ తెర దగ్గర చెప్పులు విడిచి, కళ్లు గట్టిగా మూసుకుని బల్ల ఎక్కింది. నర్సమ్మ నడుం దాకా దుప్పటి కప్పింది. "ముందు ఇది పెడతాను, చల్లగా ఉంటుంది. తర్వాత చిన్న బ్రష్షుతో తీసుకుంటాను. వద్దంటే ఆపేస్తాను, సరేనా?" అంది. నిజంగానే ఆవిడ మాట మెత్తగా ఉంది.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కంట్రోలరు గొంతు వచ్చిపడింది. "ప్రయాణికులకు... ఆఁ... విజ్ఞప్తి. రెండో ప్లాట్‌ఫారం... కాదు... ఆ వచ్చేది ఏ బస్సయ్యా? ఆ ఎర్రది!" బస్టాండంతా కలిసి "నాలుగు! నాలుగు!" అని అరవడం వినిపించింది. "ఆఁ, నాలుగు. మళ్లీ చెబుతున్నాను. రెండు."

మైకమ్మకి నవ్వు ఆగలేదు. దుప్పటి ఎగిరెగిరిపడింది.

"నవ్వు, మంచిదే. ఒళ్లు వదులవుతుంది. అటూ ఇటూ కదలకు చాలు," అంది నర్సమ్మ తను కూడా నవ్వుతూ.

నవ్వంతా అయ్యాక మైకమ్మ కళ్లు తుడుచుకుని, పళ్లు బిగించింది. "ఇంక మొదలుపెట్టండి."

"అయిపోయింది. లే."

"అయిపోయిందా?"

"ఎప్పుడో అయిపోయింది. ఇదిగో, దీన్ని ల్యాబుకి పంపుతాం."

మైకమ్మ లేచి కూర్చుని నర్సమ్మ చేతిలోని బుల్లి సీసాని చూసింది. కాటుక పెట్టుకునే పుల్లంత బ్రష్షు. "ఇంతేనా?" అంది. మళ్లీ నవ్వబోయింది. ఆ నవ్వు సగం దారిలోనే ఏడుపైంది. "ఇంత దానికా మా పెద్దమ్మ... ఇంత దానికా!" పోయినవాళ్ల మీద కోపగించుకోకూడదంటారు గానీ, ఆ క్షణాన పెద్దమ్మ మీద ఆమెకి ఎక్కడలేని కోపమొచ్చింది. ఆ కోపం వెనకే అంత జాలీ వచ్చింది. పక్కన ఎవరైనా ఇలా దుప్పటి కప్పి, ఇలా నవ్వించి ఉంటే ఆవిడ కూడా ఈ బల్ల దిగి ఇంటికి వచ్చేది. నర్సమ్మ తొందరపెట్టకుండా పక్కనే నిలబడింది. ఫలితం తర్వాత వచ్చింది, ఏమీ లేదనీ, ఐదేళ్లకి మళ్లీ రమ్మనీ. అప్పుడు మాత్రం అవేవీ తెలియకుండానే మైకమ్మకి పెద్ద బరువు దించినట్టయింది.

తెర తీసుకుని బయటికి వచ్చేసరికి బెంచీ మీద ఆడవాళ్లంతా పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు.

"ఎలా ఉంది?" అని ఆయమ్మ అడిగింది.

"నేను చెప్పేది నమ్ముతావా?"

"ఈసారి నమ్ముతా."

"చల్లగా ఉంది. కాస్త ఒత్తినట్టుంది. సిగ్గు మాత్రం బల్ల ఎక్కేదాకే."

ఆయమ్మ చీపురు కండక్టరమ్మ చేతిలో పెట్టి తెర వెనక్కి పోయింది. మైకమ్మ చుట్టూ చూసింది. పిడుగు ఒక మూల గోడకి ఆనుకుని ఉంది. అక్క తన వైపు రావడం చూసి నెమ్మదిగా తలుపు వైపు జరుగుతోంది. మైకమ్మ ఒక్క అంగలో వెళ్లి మణికట్టు పట్టేసుకుంది.

"నా మాట నేను నిలబెట్టుకున్నా. ఇక నీ వంతు. నడువు."

"అక్కా, ఒక్క మాట..."

"మాటల్లేవు. నర్సమ్మా, దీనికి ఆ సూది వేసెయ్యండి. కావాలంటే నేను కాళ్లు పట్టుకుంటా."

నర్సమ్మ తెర పక్కకి తీసి తొంగిచూసింది. పిడుగు ముఖం చూసి కళ్లద్దాలు సరిచేసుకుంది. "ఈ పిల్లకా? ఈ పిల్లకి మొదటి డోసు ఎప్పుడో వేశానుగా! శిబిరానికి ముందు వాళ్ల కాలేజీకి వెళ్లాం కదా, అక్కడ. రెండోదానికి ఇంకా టైముంది."

"వేరే పిల్ల అయ్యుంటుందండీ," అంది మైకమ్మ.

"ఎలా మర్చిపోతానమ్మా? సూది చూడగానే నా వేలు కొరికేసింది," అని నర్సమ్మ ఆ వేలు అందరికీ చూపించింది.

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. గదిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. మైకమ్మ పట్టుకున్న మణికట్టు వదల్లేదు.

"ఎప్పుడో వేయించుకున్నావా? మరి ఆ షరతేంటే? నాతో అన్ని రోజులు ఆ నాటకమేంటే?"

"వేయించుకున్నానని చెబితే నువ్వేం చేస్తావు?" పిడుగు ఒక్కసారిగా విరుచుకుపడింది. కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నా గొంతు తగ్గించలేదు. "హమ్మయ్య అనుకుని నీ సంగతి గాలికొదిలేస్తావు. నాకు తెలీదా నువ్వు? నాకు మాత్రం సూదంటే సరదా అనుకున్నావా? పెద్దమ్మని తలుచుకుని చెయ్యి చాపా. నువ్వేమో బన్నులు తిని వచ్చి మెత్తగా ఉందంటావు! నిజంగా చేయించుకున్నావో లేదో నర్సమ్మనే అడుగుదామని ఇవాళ వచ్చా. అంతలో నువ్వే ఊరందరికీ చెప్పావు. బస్సెక్కింది కోపంతో కాదక్కా, భయమేసి. పెద్దమ్మ పోయింది. నువ్వు కూడా పోతే నేనెవరితో పోట్లాడాలి?"

కండక్టరమ్మ చీపురు పట్టుకునే ముక్కు చీదుకుంది. మెకానిక్కు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మైకమ్మకి మైకు గొంతూ రాలేదు, ఇంటి గొంతూ రాలేదు. చెల్లెల్ని జడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పోట్లాడుదువుగానిలేవే," అంది, ఆ తలని గుండెకేసి అదుముకుని. "ముసలిదానివయ్యేదాకా పోట్లాడుదువుగాని."